లాక్ మీద ఒక పేరు, బ్యారెల్ మీద ఇంకో పేరు: ఈ పాత రైఫిల్ ఎవరు చేసినట్టు?

అటకసరుకు
ఇక్కడ అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర ఒక పెద్దాయన పోయాక వాళ్ల పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. నేను బీరువా చూద్దామని వెళ్లి రైఫిల్‌తో తిరిగొచ్చాను. మూతిలోంచి మందు కూరి, హ్యామర్ కింద రాగి టోపీ పెట్టి పేల్చే పర్కషన్ రకం. ఎనిమిది పలకల బ్యారెల్, కర్ర ముందువైపు సగం దాకానే ఉంది, రెండు ట్రిగ్గర్లు, ఇత్తడి ఎక్కడా లేదు, అంతా ఇనుమే. చేత్తో పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడితే భుజం లాగేస్తోంది. బ్యారెల్ పైన "ఎస్. హాకెన్ సెయింట్ లూయిస్" అని ముద్ర కొట్టి ఉంది. హాకెన్ అంటే ఒకప్పుడు ఆ ఊళ్లో తుపాకులు చేసిన పేరున్న షాపట. లాక్ (హ్యామర్‌ని ఆడించే యంత్రం) ప్లేట్ మీదేమో "గౌల్చర్" అని ఉంది.

మా ఆఫీసులో తుపాకులు పోగేసే ఒకాయన ఫొటో చూసీ చూడగానే, రెండు పేర్లుంటే అది అతుకుల బొంత, నిన్ను ఎవడో ముంచాడు అనేశాడు. పక్క క్యూబికల్ ఆయన ఇంకో మెట్టు పైకెక్కి, ముద్ర హాకెన్‌దే అయినా చేసింది ఆయన దగ్గర పనికి కుదిరిన జర్మన్ అయ్యుంటాడు, కాబట్టి నకిలీయే అంటున్నాడు. ఇంటికొస్తే మా ఆవిడ అసలు మాట్లాడటమే లేదు. ఎవరికైనా తెలుసా వీటి గురించి? ఇంకోటి, పైనంతా ముదురు గోధుమ రంగు తుప్పు. వైర్ బ్రష్ పెట్టి రుద్దేస్తే మెరుస్తుందా?

కొలిమిసెగ
రుద్దకు!! మిగతావన్నీ తర్వాత.

ఉప్పుచేప
ఎంతకి కొన్నావ్?

కొలిమిసెగ
ఇప్పుడు వివరంగా. అది తుప్పే, కానీ కావాలని పట్టించిన తుప్పు. ఆ రోజుల్లో బ్యారెల్‌కి ఆమ్లం కలిపిన ద్రావకం పూసి తేమలో వదిలేసేవాళ్లు. సన్నగా తుప్పు లేచాక గీకి, మళ్లీ పూసి, మళ్లీ గీకి, అలా వరసగా చేస్తే ఆ గోధుమ రంగు గట్టి పొరలా కూర్చుంటుంది. ఎండలో తళుక్కుమంటే వేట బెదిరిపోతుంది కదా, మెరవకూడదనే అంత పని. దాన్ని వైర్ బ్రష్‌తో గీకేసి తెల్లగా మెరిపిస్తే కొనేవాడు సగానికి సగం తగ్గిస్తాడు. మెత్తటి గుడ్డ, నాలుగు చుక్కల తేలికపాటి నూనె చాలు. తర్వాత మ్యూజియాల్లో వాడే మైనం పలచగా పట్టించు.

పాతసామాన్లు
రంగు సంగతి అలా ఉంచండి. తమ్ముడూ, లోపల గుండు ఉందో లేదో చూశావా?

అటకసరుకు
నూటయాభై ఏళ్ల నాటిదానికి లోపల ఏముంటుంది అన్నా

పాతసామాన్లు
అందరూ అదే అంటారు. మందూ గుండూ కలిపి ఒకే తూటాగా పెట్టే కార్ట్రిడ్జ్ తుపాకీ అయితే తెరిచి చూస్తాం. దీన్ని తెరవడానికి ఏముంది? ఒకసారి కూరితే పేల్చాలి లేదా పీకాలి. వేటకి వెళ్లి ఏమీ దొరక్క ఇంటికొచ్చి అలాగే గోడకి తగిలించినవి ఎన్నో ఉన్నాయి. నల్ల తుపాకిమందు తడవకపోతే వందేళ్లయినా చావదు.

చూసే పద్ధతి ఇది. ముందు నిపుల్ మీద, అంటే హ్యామర్ కింద టోపీ తొడిగే చిన్న మొన మీద, టోపీ లేదని చూసుకో. మూతికి ఎదురుగా నువ్వూ ఉండొద్దు, ఇంకెవరూ ఉండొద్దు. కూరే కడ్డీ మెల్లగా అడుగుదాకా దించు, మూతి అంచు తగిలేచోట కడ్డీ మీద పెన్సిల్‌తో గీత పెట్టు. బయటికి తీసి బ్యారెల్ పక్కన ఆనించి ఆ గీతని మూతితో సరిపెట్టు. లోపల ఖాళీ అయితే కడ్డీ కొస దాదాపు నిపుల్ దాకా వస్తుంది. ముందే ఆగిపోయిందా, అడుగున ఏదో ఉన్నట్టే.

ఉప్పుచేప
ధర చెప్పకుండా పేలిపోకు అన్నా, ప్లీజ్

మ్యూజియంపిల్ల
రెండు పేర్ల సంగతి నేను చెప్తాను. అటకసరుకు గారూ, మీ ఆఫీసాయన తొందరపడ్డారు. అప్పటి గన్‌స్మిత్‌లు, అంటే తుపాకులు చేసేవాళ్లు, చాలామంది లాక్‌ని రెడీమేడ్‌గా కొనేవాళ్లు. గౌల్చర్లు ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం, లాకులు చేయడమే వాళ్ల వృత్తి. వాళ్ల పేరున్న లాకులు ఎందరో తయారీదారుల తుపాకుల మీద కనిపిస్తాయి. బర్మింగ్‌హామ్ నుంచి దిగుమతి చేసుకున్నవీ ఉన్నాయి. బ్యారెళ్లు కూడా అంతే, న్యూయార్క్ రాష్ట్రంలో రెమింగ్టన్ వాళ్లు మొదట్లో ఊళ్లలో గన్‌స్మిత్‌లకి బ్యారెళ్లు అమ్మే బతికారు. కాబట్టి లాక్ మీద వేరే పేరు ఉండటం మామూలే. అనుమానించాల్సింది బ్యారెల్ మీద ముద్రని.

తిరగమోత
మరి లాక్ కొని, బ్యారెల్ కొని, బిగిస్తే అది చేత్తో చేసిన తుపాకీ ఎలా అవుతుంది మేడమ్? దాన్ని అసెంబ్లీ అంటారు.

కొలిమిసెగ
@తిరగమోత బ్రో, ఒకసారి చేసి చూడు, తెలుస్తుంది. హాకెన్ షాపులో బ్యారెళ్లు చాలావరకు వాళ్లే చేసుకునేవాళ్లు. చేతిపని బ్యారెల్ అంటే ఏంటో చెప్తా. ఇనప పట్టీని బాగా కాల్చి కడ్డీ చుట్టూ మడిచి, అంచుల్ని కొట్టి అతికిస్తారు, కొంచెం కొంచెంగా, మొత్తం పొడవునా. తర్వాత లోపల తొలిచి నున్న చేస్తారు. తర్వాత కంటి దగ్గర పెట్టి వెలుతురుకేసి చూస్తూ, లోపలి నీడ గీత వంకరపోయినచోట సుత్తితో సరిచేస్తారు. ఆ తర్వాత అసలు పని, రైఫ్లింగ్, అంటే గుండు గిర్రున తిరుగుతూ పోయేలా బ్యారెల్ లోపల మెలి గాడులు కొయ్యడం. మెలితిరిగిన గాడులున్న ఒక లావుపాటి కర్ర దుంగ ఉంటుంది. దాన్ని తోస్తుంటే అది తిరుగుతూ ముందుకెళ్తుంది, దాని కడ్డీ చివర ఒక్కటే చిన్న ఉక్కు పన్ను. ఆ పన్ను ఒక్కో దఫాకి వెంట్రుకవాసి ఇనుమే గీకుతుంది. అన్ని గాడులూ ఒక చుట్టు అయ్యాక పన్ను కింద కాగితం ముక్క దోపి ఎత్తు పెంచి మళ్లీ మొదలు. హాకెన్ బ్యారెళ్లలో మామూలుగా 7 గాడులు, 48 అంగుళాలకి ఒక్క చుట్టు తిరుగుతాయి. ఇంత చేశాక లాక్ బజార్లో కొన్నాడని అసెంబ్లీ అంటావా!

తిరగమోత
సరే సరే, ఆవేశపడకు. కానీ హాకెన్ పేరుకి ఉన్న డప్పు మాత్రం ఎక్కువే. బీవర్ తోళ్ల కోసం రాకీ కొండల్లో తిరిగినవాళ్ల చేతిలో ఎక్కువగా ఉన్నవి పెన్సిల్వేనియాలో హెన్రీ, లేమన్ లాంటివాళ్లు చేసి కంపెనీలకి గుత్తగా అమ్మిన చవక రైఫిళ్లు. కొండల్లో ఏటా జరిగే తోళ్ల వ్యాపారం పెద్ద సంతలు 1840తో ఆగిపోయాయి. ఇప్పుడు మిగిలిన హాకెన్లలో ఎక్కువ ఆ తర్వాతవే. సినిమాల పుణ్యమా అని అందరికీ ఒక్క పేరే తెలుసు.

మ్యూజియంపిల్ల
ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటాను. అయినా ఆ కొండల వేటగాళ్లలో పేరుమోసిన ఇద్దరి హాకెన్లు ఉన్నాయి: జిమ్ బ్రిడ్జర్‌ది మోంటానాలో హెలీనా మ్యూజియంలో ఉంది, కిట్ కార్సన్‌ది శాంటా ఫేలో ఒక ఫ్రీమేసన్ సంఘం దగ్గరుంది. డబ్బులుండి, తుపాకీ మీదే బతుకు ఆధారపడినవాళ్లు దీన్ని ఎంచుకున్నారు కదా. ఊరికే వచ్చిన పేరు కాదు.

అటకసరుకు
అందరూ ఒక్క నిమిషం ఆగండి. పాతసామాన్లు అన్న చెప్పినట్టు కడ్డీ పెట్టి చూశా. గీతని మూతితో సరిపెడితే కొస నిపుల్ దాకా రాలేదు. రెండున్నర అంగుళాలు ముందే ఆగిపోయింది!! కొన్నప్పటి నుంచి అది మా హాల్లో సోఫా వెనక ఆనించి ఉంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. చేతులు వణుకుతున్నాయి.

ఉప్పుచేప
వామ్మో

పాతసామాన్లు
టెన్షన్ పడకు. టోపీ లేకపోతే అదంతట అది పేలదు. అలాగని వేళాకోళమూ కాదు. నువ్వు సొంతంగా ఏమీ చెయ్యకు. స్క్రూ తిప్పకు, పొయ్యి దగ్గర పెట్టకు, వేడి చెయ్యకు. ఇలాంటి పాత మందు తుపాకులు బాగుచేసేవాళ్లు మీ మిస్సోరిలో దొరుకుతారు. ముందు ఫోన్ చేసి లోడ్ అయి ఉందని చెప్పు, వాళ్లు ఎలా తెమ్మంటే అలా తీసుకెళ్లు. చెప్పకుండా షాపులోకి మోసుకుపోయావనుకో, నీకంటే ముందు వాళ్లకి గుండె ఆగుతుంది.

కొండకాపు
మాది పాడేరు వైపు. అడవి పందులు పంట మీద పడకుండా మా తాత దగ్గర ఇలాంటి మూతి నుంచి కూరే తుపాకీ ఉండేది, లైసెన్సుది. ఎన్నికలొస్తే స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకునేవాడు. ఇంట్లోకి తెచ్చే ముందు ఆయన చేసే పని కూడా ఇదే, కడ్డీ దించి చూడటం. కడ్డీ ఖాళీ బ్యారెల్ అడుగుకి తగిలితే ఇనుము మోగుతుంది. గుండు మీద పడితే చప్పుడు ముద్దగా వస్తుంది. ఆ చప్పుడు మా పిల్లలందరికీ తెలుసు.

లాపాయింట్
తుపాకీ సంగతి సరే, మీ వీసా ఏంటి అటకసరుకు గారూ? హెచ్‌1బి అయితే మామూలు తుపాకులు పెట్టుకోవడానికి అమెరికా కేంద్ర చట్టంలో అడ్డంకి ఉంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. కాకపోతే 1898లోగా తయారైనవి యాంటిక్, 1968 తుపాకుల చట్టం లెక్కలో అవి ఫైర్‌ఆర్మ్ కిందకే రావు. మీది పర్కషన్ కాబట్టి కేంద్రం వరకు పేచీ లేదు. రాష్ట్రాల చట్టాలు వేరు, ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్తే ముందు అక్కడి రూల్ చూసుకోండి.

హైటెక్‌సిటీ_హరి
ఇండియాకి తెచ్చి మా హాల్లో పెట్టుకోవచ్చా? షోపీసే కదా.

లాపాయింట్
@హైటెక్‌సిటీ_హరి తొందరపడకండి. మన ఆయుధాల చట్టం 1959లో 45వ సెక్షన్ పాతకాలపు వాటికి మినహాయింపు ఇస్తుంది, కానీ బాగుచేసినా బాగుచేయకపోయినా పేల్చడానికి పనికిరానివాటికే. ఇది గుండుతో సహా సిద్ధంగా ఉందని ఆయనే చెప్తున్నాడు. విమానాశ్రయంలో షోపీస్ అని చెప్పండి, చూద్దాం.

తిరగమోత
అంత ముచ్చటగా ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, టికెట్ కొనుక్కుని చూసి రా హరీ.

డెన్వర్_దాసు
జర్మన్ వాడు చేశాడు కాబట్టి నకిలీ అన్న మాట దగ్గరికి ఎవరూ రాలేదేంటి? నాకు అదే ఆసక్తిగా ఉంది. హాకెన్లు కూడా జర్మనీ నుంచి వచ్చినవాళ్లే కదా?

మ్యూజియంపిల్ల
కాదండీ, మూలాలు అటువే గానీ అన్నదమ్ములిద్దరూ మేరీలాండ్‌లో హేగర్స్‌టౌన్‌లో పుట్టారు. తండ్రి అక్కడ గన్‌స్మిత్. అన్న జేకబ్ ముందు సెయింట్ లూయిస్ వచ్చాడు, తమ్ముడు శామ్యూల్ భార్య పోయాక 1822లో వచ్చాడు. 1825 నుంచి ఇద్దరూ కలిసి. 1849లో ఊరిని కలరా ఊడ్చేసింది, ఆ ఏడే రేవులో మంటలు లేచి 23 స్టీమర్లు కాలిపోయాయి. ఆ కలరాలో జేకబ్ పోయాడు. అందుకే "జె అండ్ ఎస్ హాకెన్" అని ఉంటే అన్నదమ్ముల కాలంది, ఒట్టి "ఎస్. హాకెన్" అంటే ఎక్కువగా ఆ తర్వాతది అనుకుంటాం.

మీరు అడిగిన వలస మనిషి జాన్ ఫిలిప్ గెమ్మర్. 1838లో జర్మనీలో పుట్టి 1855లో, అంటే పదిహేడేళ్లకి, అమెరికా వచ్చాడు. 1860 ప్రాంతంలో హాకెన్ షాపులో పనికి చేరాడు. 1862లో ఆ షాపునే కొనేశాడు. పనిముట్లు, అచ్చులు, ముద్రలు అన్నీ ఆయనవే అయ్యాయి. కొన్నాళ్లు పాత "ఎస్. హాకెన్" ముద్రే కొట్టాడు, "జె.పి. గెమ్మర్" అని తన పేరు కొట్టినవీ ఉన్నాయి. అటకసరుకు గారి పక్క క్యూబికల్ ఆయన విన్నది ఈ కథే అయ్యుంటుంది, నకిలీ అన్నది మాత్రం ఆయన సొంత కవిత్వం.

తిరగమోత
వేరేవాడి పేరు కొట్టి అమ్మితే నకిలీ కాక ఏమంటారు? పేరు చూసే కదా జనం డబ్బులిచ్చేది.

కన్సల్టెన్సీ_బాధితుడు
అన్నా, నేను రాసిన కోడ్ మీద ఏడేళ్లుగా క్లయింట్ పేరే ఉంది. అయితే అది కూడా నకిలీయేనా? నా జీతం మాత్రం ఒరిజినల్, చాలా చిన్నది.

డెన్వర్_దాసు
😂 @తిరగమోత, అసలు శామ్యూల్ బతికే ఉన్నాడయ్యా. 1859లో బంగారం హడావిడిలో అరవై ఆరేళ్ల వయసులో మా డెన్వర్ వచ్చి ఇక్కడ షాపు పెట్టాడు, పేపర్లో తను రాకీ మౌంటెన్ రైఫిల్ చేసేవాణ్నని ప్రకటన కూడా వేశాడు. రెండేళ్లకి తిరిగెళ్లిపోయాడు. 1884లో, తొంభై ఒకటో ఏట పోయేదాకా ఎక్కువ కాలం ఉన్నది సెయింట్ లూయిస్‌లోనే. గెమ్మర్ దొంగ ముద్ర కొడుతుంటే అదే ఊళ్లో అసలాయన నోరు మూసుకుని కూర్చున్నాడా?

మ్యూజియంపిల్ల
కూర్చోలేదు సరికదా, ఆ పాత షాపుకే వచ్చిపోతుండేవాడు. ముసలితనంలో అక్కడే గెమ్మర్ బల్ల దగ్గర చివరి రైఫిల్ ఒకటి తన చేత్తో చేశాడని కూడా చెబుతారు. గెమ్మర్ మాత్రం పేరు మీద కూర్చుని తినలేదు. అప్పటికే కార్ట్రిడ్జ్ తుపాకులు వచ్చేశాయి, మూతి నుంచి కూరేవి అడిగేవాడు ఏటికేడు తగ్గిపోయాడు. కొత్తరకం వాటికి మరమ్మతులు చేస్తూ, వాటి మీద వేట రైఫిళ్లు కడుతూ షాపుని 1915 దాకా లాక్కొచ్చాడు. 1919లో పోయాడు. పాతికేళ్లైనా నిండని కుర్రాడు కొని, అర్ధశతాబ్దం పైన నడిపాడు. నన్నడిగితే హాకెన్ పేరు ఇంతకాలం నిలిచిందంటే గెమ్మర్ వాటా తక్కువేం కాదు.

తిరగమోత
నిలబెట్టడం వేరు, పేరు కొట్టడం వేరు. నేను కొనేటప్పుడైతే గెమ్మర్ అని తెలిస్తే హాకెన్ ధర ఇవ్వను.

పాతసామాన్లు
ఇచ్చేవాళ్లు క్యూ కడతారు, నువ్వు పక్కకి జరుగు. పైగా ఈ పర్కషన్ కథంతా వలసవాళ్లదే కదయ్యా. రాగి టోపీకి 1822లో అమెరికా పేటెంట్ తీసుకున్న జాషువా షా ఇంగ్లండ్ నుంచి ఫిలడెల్ఫియా వచ్చిన చిత్రకారుడు. దానికి ముందు అసలు దెబ్బతో మందు అంటించే ఆలోచనకి 1807లో పేటెంట్ పొందిన ఫోర్సైత్ స్కాట్లండ్‌లో ఒక చర్చి పాస్టరు. చెకుముకి తుపాకీ మంట కనపడగానే పక్షులు ఎగిరిపోతున్నాయని విసుగెత్తి కనిపెట్టాడు. పాస్టరు గారికి పిట్టల వేట పిచ్చి!

అటకసరుకు
అప్‌డేట్. ఫోన్ చేసి, చెప్పి, వాళ్లు చెప్పినట్టే తీసుకెళ్లా. ఆయన ముందు నిపుల్ తీసి ఆ బెజ్జంలోంచి నూనె పోసి నానబెట్టాడు. మందు చచ్చాక కడ్డీ చివర స్క్రూ తగిలించి గుండులోకి మెల్లగా దించి లాగాడు. ముందు నల్లబడిన గుడ్డ పేలిక, దానికి చుట్టుకుని గుండు. సీసం మీద తెల్లటి బూడిద పొర, అర అంగుళం పైనే ఉంటుంది. వెనకాల నల్లటి ముద్దలా మందు. గుడ్డ నేత ఇంకా కనిపిస్తోంది, గళ్ల గుడ్డ, ఎవరిదో పాత చొక్కాది అనిపించింది.

తర్వాత బ్యారెల్ కూడా విప్పాడు. స్క్రూలు ముట్టుకోలేదు. పక్కనుంచి రెండు చపటా మేకులు తట్టి తీసి, ముందు పైకెత్తితే బ్యారెల్ వెనక కొక్కెం నుంచి ఊడి చేతికొచ్చింది. ఒక మేకు మీద ఒక గాటు, రెండోదాని మీద రెండు గాట్లు, కర్రలో వాటి బెజ్జాల దగ్గర కూడా అలాగే. బ్యారెల్ అడుగు పలక మీద ఆకురాయి గీతలు అలాగే వదిలేశారు, పైన మూడు పలకలు మాత్రం అద్దంలా నున్నగా ఉన్నాయి.

కొలిమిసెగ
కనపడనిచోట టైం వేస్ట్ చెయ్యరు, అది పని తెలిసిన చెయ్యి. ఆ గాట్లు కూడా మంచి గుర్తు. దేని చోటికి దాన్ని చేత్తో అమర్చాడు కాబట్టి అటూ ఇటూ మారిస్తే కూర్చోవు. స్క్రూలూ అంతే, మరలు చేత్తో కోసినవి, ఒకదాని బెజ్జంలో ఇంకోటి పట్టదు. ఎప్పుడైనా తియ్యాల్సొస్తే ఏది ఎక్కడిదో అట్ట మీద బొమ్మ గీసి గుచ్చిపెట్టుకో.

మ్యూజియంపిల్ల
ఇది 1970 తర్వాత వచ్చిన ఫ్యాక్టరీ హాకెన్ మాత్రం కాదని ఈ వివరాలతో తేలిపోయినట్టే. వాటికి ఇత్తడి సామాను, పొట్టి బ్యారెల్, లాక్ లోపల చుట్టల స్ప్రింగు ఉంటాయి. ఇక ముద్ర. భూతద్దంతో అక్షరాల లోపలి అడుగు చూడండి. చుట్టూ ఉన్న గోధుమ పొరే అక్షరాల లోపలికీ దిగి ఉంటే మంచిదే. చుట్టూ తుప్పు గుంటలు పడి, అక్షరాల అంచులు మాత్రం నిన్న కొట్టినట్టు పదునుగా ఉంటే ఎవరో తర్వాత కొట్టారు.

అటకసరుకు
చూశా మేడమ్. లోపల కూడా అదే రంగు. "ఎన్" అక్షరం మీద ఒక చిన్న తుప్పు గుంట పడి అంచు కొంచెం తినేసింది. మరి శామ్యూల్ చేసిందా, గెమ్మర్ చేసిందా?

మ్యూజియంపిల్ల
ఫొటో చూసి నేను చెప్పను, ఫొటో చూసి చెప్పేవాళ్లని నమ్మొద్దు. ముద్ర అక్షరాల కొలతలు, ట్రిగ్గర్ గార్డు వంపు, బ్రీచ్ (బ్యారెల్ వెనక మూసిన కొస) ఆకారం అన్నీ తెలిసిన తుపాకుల పక్కన పెట్టి పోల్చాలి. మీరున్న ఊళ్లోనే అది జరగాలి కూడా, మిస్సోరి హిస్టారికల్ సొసైటీకి ముందు ఒక ఉత్తరం రాయండి.

తిరగమోత
గెమ్మర్‌దే అని తేలితే ఇక్కడొచ్చి చెప్పు. నేను పందెం కాస్తా.

అటకసరుకు
ఉత్తరం పంపించా. గుండు విషయం మా ఆవిడకి చెప్పేశా, ఇప్పుడు రైఫిల్ గ్యారేజీలో ఉంది.

పాతసామాన్లు
గ్యారేజీలో వద్దు తమ్ముడూ, ఎండకీ చలికీ కర్ర పగులుతుంది. ఇంట్లో బీరువా పైన అయినా పర్లేదు. పడుకోబెట్టే పెట్టు, నిలబెడితే నూనె బ్రీచ్‌లోంచి కర్రలోకి దిగి అక్కడ మెత్తబడుతుంది.

అటకసరుకు
ఏ బీరువా అన్నా, కొనలేదు కదా

ఉప్పుచేప
ఇన్ని పోస్టులయ్యాయి, ధర మాత్రం చెప్పలేదు. సరే అన్నా, ఆ గుండైనా ఎంతకి ఇస్తావ్?